విగ్రహం వైపు నడిచిన సంస్కర్త: జైనాచార్య ఆత్మారామ్‌జీ

పంతొమ్మిదో శతాబ్దపు సంస్కర్త అనగానే మనకు ముందు గుర్తొచ్చేది కందుకూరి వీరేశలింగం. 1881లో రాజమండ్రిలో జరిపించిన వితంతు వివాహం, పత్రికలు, ప్రహసనాలు, మూఢాచారాలతో తగువు. ఉత్తరాదికి వెళ్తే దయానంద సరస్వతి, బెంగాల్‌కు వెళ్తే బ్రహ్మసమాజం వాళ్లు. వీళ్ల దారులు వేరైనా చాలామందిలో ఒక లెక్క కనిపిస్తుంది: విగ్రహారాధన తర్వాతి కాలంలో వచ్చి చేరిన చెత్త, దాన్ని వదిలించుకోవడమే సంస్కరణ. సరిగ్గా ఆ రోజుల్లోనే, ఆర్యసమాజం గట్టిగా వేళ్లూనుకున్న పంజాబ్‌లోనే, ఒక జైన సాధువు ఎదురు దిశలో నడిచారు. విగ్రహాలు వద్దనే శాఖలో దీక్ష తీసుకుని, ఇరవై ఏళ్లకు పైగా అందులోనే ఉండి, శాస్త్రాలు చదివీ చదివీ చివరకు విగ్రహాలు ఉండాల్సిందేనని తేల్చారు. ఆయనే ఆత్మారామ్‌జీ. తర్వాతి పేరు విజయానంద సూరి.

ఆయన్ని వెనక్కి నడిచిన మనిషి అని కొట్టిపారేయొచ్చు. కానీ ఆయన తర్వాత జరిగినవి చూస్తే ఆ మాట నిలబడదు. అచ్చు పుస్తకాలు, గ్రంథాలయాలు, విద్యాలయాలు, విదేశీ పండితులతో ఉత్తర ప్రత్యుత్తరాలు, చికాగో సర్వమత సభకు ప్రతినిధిని పంపడం, ఇవన్నీ ఆయన చుట్టూనో ఆయన శిష్యుల చుట్టూనో జరిగాయి. ముందుకు దూకుదామని బయల్దేరకుండానే ఆయన చాలా దూరం వెళ్లారు.

ఈ కథ అర్థం కావాలంటే శ్వేతాంబర జైనుల్లోని చీలిక కొంచెం తెలియాలి. పదిహేనో శతాబ్దంలో అహ్మదాబాద్‌లో లోంకా షా అనే గృహస్థు ఉండేవాడు. గ్రంథాలకు నకళ్లు రాయడం ఆయన పని అని సంప్రదాయం చెబుతుంది. అలా రాస్తూ రాస్తూ శాస్త్రాల్లో గుళ్లకు, విగ్రహాలకు ఆధారం లేదని ఆయన అభిప్రాయపడ్డాడు. ఆ ధోరణిలోంచి పదిహేడో శతాబ్దంలో స్థానకవాసి శాఖ వచ్చింది. వాళ్లకు గుడి ఉండదు. సాధువులు బస చేసి ప్రవచనం చెప్పే స్థానక్ ఉంటుంది. సాధువులు నోటికి అడ్డంగా తెల్లటి గుడ్డ, అంటే ముహ్‌పత్తి, దారంతో ఎప్పుడూ కట్టుకునే ఉంటారు. మూర్తిపూజకులు ఆ గుడ్డను చేత్తో పట్టుకుని మాట్లాడేటప్పుడు మాత్రం నోటికి అడ్డం పెట్టుకుంటారు. వాళ్లు 45 ఆగమాలను, అంటే మూల శాస్త్రగ్రంథాలను, ప్రమాణంగా తీసుకుంటే స్థానకవాసులు 32 చాలంటారు. హైదరాబాద్‌లో మార్వాడీ కుటుంబాలున్న పేటల్లో ఒకచోట జైన్ మందిర్ అనీ, ఇంకోచోట జైన్ స్థానక్ అనీ బోర్డులు కనిపించడానికి కారణం ఇదే. మనకు ఎక్కువగా తెలిసిన కొలనుపాక క్షేత్రం మందిరం వైపుది.

ఆత్మారామ్ పుట్టింది జైన కుటుంబంలో కాదు. ఫిరోజ్‌పూర్ జిల్లా జీరా దగ్గర లెహ్రా అనే పల్లెలో, ఖత్రీల ఇంట, 1836లో పుట్టారు. కొన్ని పుస్తకాల్లో 1837 అని ఉంటుంది, విక్రమ సంవత్సరాన్ని మార్చే లెక్కలో వచ్చిన తేడా అది. చిన్నప్పటి పేరు దిత్తా. తండ్రి గణేశ్‌చంద్ర మహారాజా రంజిత్ సింగ్ సైన్యంలో పనిచేసినవాడు. ఆ ప్రాంతంలో సిక్కు గురువుల వంశమైన సోఢీల పెద్ద ఒకాయన పిల్లవాణ్ని చూసి ముచ్చటపడి తన వారసుడిగా సిక్కు గురువును చేయాలనుకున్నాడనీ, అది ఇష్టంలేని తండ్రి కొడుకును జీరాలోని జోధామల్ అనే జైన మిత్రుడి ఇంట్లో ఉంచాడనీ జీవిత చరిత్రలు చెబుతాయి. వివరాలు ఎలా ఉన్నా, ఖత్రీ పిల్లవాడు ఓస్వాల్ అనే జైన వర్తక కులానికి చెందిన వ్యాపారి ఇంట్లో పెరిగాడన్నది అసలు విషయం. ఆ ఇంటికి వచ్చిపోయే స్థానకవాసి సాధువుల మాటలు చెవిన పడ్డాయి. 1853లో మలేర్‌కోట్లాలో జీవన్‌రామ్ అనే సాధువు దగ్గర దీక్ష తీసుకుని ఆత్మారామ్ అయ్యారు. వయసు పదిహేడు దాటలేదు.

ధారణ శక్తి విపరీతం. రోజుకు మూడొందల శ్లోకాలు కంఠస్థం చేసేవారని భక్తులు రాశారు. భక్తుల అంకెలను కాస్త తగ్గించుకుని చదవడం మంచిదే కానీ, కొద్ది ఏళ్లలోనే ఆ శాఖ ఒప్పుకునే ఆగమాలన్నీ ఆయన నోటికి వచ్చేశాయన్నది నమ్మదగిన మాటే. చిక్కు అక్కడే మొదలైంది. ఆగమాలు అర్ధమాగధి ప్రాకృతంలో ఉంటాయి. అప్పటి పంజాబ్ స్థానకవాసి సాధువులు వాటిని ‘టబ్బా’ల సాయంతో చదివేవారు. మూలం పంక్తుల మధ్య దేశభాషలో రాసిన టీకాతాత్పర్యాల్లాంటివి అవి. ఒకే వాక్యానికి ఒక టబ్బా ఒక అర్థం చెబుతుంది, ఇంకొకటి ఇంకోటి చెబుతుంది. ఏది సరైనదో తేల్చాలంటే పాత సంస్కృత వ్యాఖ్యానాలు చూడాలి. పదకొండో శతాబ్దంలో అభయదేవ సూరి తొమ్మిది అంగాలకు, అంటే ముఖ్యమైన ఆగమాలకు, రాసిన వృత్తులు, అంతకు ముందు శీలాంకుడి టీకలు, ఇంకా వెనక్కి వెళ్తే చూర్ణులు, భాష్యాలు, నిర్యుక్తులు. అవి చదవాలంటే వ్యాకరణం రావాలి. ఆ రోజుల్లో ఆ సాధువర్గంలో సంస్కృత వ్యాకరణం అంటే అనుమానం. పాండిత్యం వస్తే శ్రద్ధ పోతుందన్న భయం కొంత, ఆ వ్యాఖ్యానాలన్నీ మూర్తిపూజకుల రచనలే కదా అన్న జంకు కొంత. ఆ జంకులో న్యాయం లేకపోలేదు. ఆ తలుపు తెరిస్తే ఏమవుతుందో ఆత్మారామ్ విషయంలో తేలిపోయింది.

ఆయన తలుపు తెరిచారు. పండితుల దగ్గర వ్యాకరణం, కావ్యం, తర్కం చదివారు. 1863 ప్రాంతంలో ఆగ్రా వెళ్లి రత్నచంద్ర అనే వృద్ధ స్థానకవాసి సాధువు దగ్గర ఆగమాలు మళ్లీ మొదటి నుంచి చదువుకున్నారు. చదువు అయ్యాక ఆ పెద్దాయన మూడు మాటలు చెప్పి పంపాడంటారు: జిన ప్రతిమను, అంటే తీర్థంకరుడి విగ్రహాన్ని, ఎప్పుడూ నిందించకు, అశుచిగా ఉన్న చేత్తో శాస్త్రం ముట్టుకోకు, చేతిలో దండం ఉంచుకో. మూడూ మూర్తిపూజక సాధువుల పద్ధతులే. విగ్రహాలు వద్దనే శాఖలోని పెద్ద పండితుడే మనసులో అటు మొగ్గి ఉన్నాడంటే, సమస్య ఆత్మారామ్ ఒక్కడిది కాదన్నమాట.

వాదం ఎలా నడిచిందో ఒక్క ఉదాహరణలో చూడొచ్చు. స్థానకవాసులు కూడా ఒప్పుకునే 32 ఆగమాల్లో జ్ఞాతధర్మకథ ఒకటి. అందులో ద్రౌపది కథ ఉంది. స్వయంవరానికి బయల్దేరే ముందు ఆమె స్నానం చేసి జినమందిరానికి వెళ్లి ప్రతిమలను పూజించినట్టు వర్ణన వస్తుంది. ఇదిగో, మీ గ్రంథంలోనే ఉంది కదా అన్నారు ఆత్మారామ్. అవతలివాళ్లు ఊరుకోలేదు. ద్రౌపదికి అప్పటికి సమ్యక్ దర్శనం, అంటే ధర్మం మీద సరైన విశ్వాసం, కలగలేదు, పెళ్లికూతురు లోకాచారం కొద్దీ చేసిన పనిని ధర్మానికి ప్రమాణంగా ఎలా తీసుకుంటావు అన్నారు. రాజప్రశ్నీయం అనే ఇంకో ఆగమంలో సూర్యాభుడనే దేవుడు చేసిన పూజ గురించీ ఇదే పేచీ. దేవతలు చేసింది మనుషులకు విధి ఎలా అవుతుంది? బయటినుంచి చూసేవాళ్లకు ఎవరి వాదనా పూర్తిగా తీసిపారేయదగ్గది కాదు. ఆగమంలో పూజ వర్ణన ఉంది, కానీ పూజ చెయ్యి అన్న ఆజ్ఞ ఉందా అన్నది వేరే ప్రశ్న. వర్ణనను ఆజ్ఞగా చదవాలా వద్దా అని తేల్చేది వ్యాఖ్యాన సంప్రదాయం. అసలు తగువంతా ఆ సంప్రదాయాన్ని ఒప్పుకోవాలా వద్దా అన్నదే. విగ్రహం పైకి కనిపించే జెండా మాత్రమే.

మనసు మారిన వెంటనే ఆత్మారామ్ వేషం మార్చలేదు. దాదాపు పదేళ్లు స్థానకవాసి సాధువుగానే తిరుగుతూ తోటి సాధువులతో ఒక్కొక్కరితో మాట్లాడారు, శ్రావకులకు, అంటే గృహస్థ జైనులకు, నచ్చజెప్పారు. దీన్ని భక్తులు దూరదృష్టి అంటారు, వ్యతిరేకులు మోసం అన్నారు. పంజాబ్ స్థానకవాసి సాధువుల పెద్ద అమర్‌సింగ్‌జీ ఈ గుసగుసలు విని, మూర్తిపూజ శాస్త్రవిరుద్ధమని కాగితం రాయించి సాధువులందరి చేతా సంతకాలు పెట్టించబోయారని ఆత్మారామ్ జీవిత చరిత్రల్లో ఉంది. ఆత్మారామ్ పెట్టలేదు. అప్పటికి చాలామంది లోపాయికారీగా ఆయన వైపు వచ్చేశారు. చివరకు ముహ్‌పత్తి దారం తెంపేసి, తనతో వచ్చిన సాధువులను వెంటబెట్టుకుని గుజరాత్ దారి పట్టారు. రైళ్లు నడుస్తున్న కాలమే, కానీ జైన సాధువు బండి ఎక్కడు. చెప్పుల్లేకుండా నడిచే వెళ్లారు.

అహ్మదాబాద్‌లో బుద్ధివిజయ్ అనే పెద్దాయన దగ్గర వాళ్లందరూ మళ్లీ కొత్తగా దీక్ష తీసుకున్నారు. విక్రమ సంవత్సరం 1932, అంటే మన లెక్కలో 1875-76. జనం బూటేరాయ్‌జీ అని పిలిచే ఈ గురువు కూడా పంజాబ్‌లో స్థానకవాసిగా మొదలై ఇటు వచ్చినవాడే. అంతవరకు గడిపిన ఇరవై రెండేళ్ల దీక్షాపర్యాయం లెక్కలోకి రాదు. సాధువుల్లో పెద్ద చిన్న నిర్ణయించేది దీక్ష తేదీయే కాబట్టి, నిన్నటిదాకా పెద్దగా ఉన్న మనిషి తనకంటే చిన్నవాళ్లకు వందనం చెయ్యాల్సి వస్తుంది. ఇల్లు వదిలిన వాడికి సీనియారిటీ ఒక్కటే ఆస్తి, దాన్నీ వదులుకున్నారు.

ఆయన వచ్చి చేరిన తపాగచ్ఛం, అంటే మూర్తిపూజకుల్లోని ఒక సాధుపరంపర, అప్పటికి బలంగా ఏమీ లేదు. పేరుకు సన్యాసులైన యతులు మఠాల్లో స్థిరపడి, ఆస్తులు పెంచుకుని, పల్లకీలెక్కి, వైద్యం, జ్యోతిషం చూసుకుంటూ ఉండేవారు. వాళ్ల అధిపతిని శ్రీపూజ్య అనేవారు. వాళ్లకు భిన్నంగా, కఠిన నియమాలు పాటిస్తూ కాలినడకన తిరిగే సంవేగి సాధువులు పిడికెడుమంది. తెల్లబట్టల యతుల నుంచి వేరుగా కనబడాలని పైబట్టకు పసుపు రంగు అద్దుకునేవారు. చాలాకాలంగా వాళ్లకు ఆచార్యుడంటూ లేడు. 1886లో గుజరాత్‌లోని పాలితానాలో, శత్రుంజయ పర్వతం కింద, ఊరూరి నుంచి వచ్చిన సంఘాలు కలిసి ఆత్మారామ్‌జీకి ఆచార్య పదవి ఇచ్చి విజయానంద సూరి అని పేరు పెట్టాయి. పదవి ఇచ్చింది ఏ శ్రీపూజ్యుడో కాదు, సంఘం. యతుల పెత్తనానికి అది పెద్ద దెబ్బ. నా ఉద్దేశంలో ఆయన సంస్కరణలో అసలు భాగం ఇదే. విగ్రహాల వివాదం ఎంత పేరు మోసినా, యతి వ్యవస్థ కూలి సంవేగి సాధుసంఘం మళ్లీ పెరగడమే జైన సమాజాన్ని ఎక్కువ మార్చింది. ఈ పని ఆయనొక్కరే చేయలేదు. యతిగా ఉండి అన్నీ వదిలేసిన రాజేంద్ర సూరి కూడా ఆ కాలంవాడే, ఏడు సంపుటాల ప్రాకృత మహాకోశం అభిధాన రాజేంద్ర ఆయనదే. చేసిన తప్పులకు పశ్చాత్తాపపడే ప్రతిక్రమణం అనే క్రియలో మూడు స్తుతులు చదవాలా నాలుగు చదవాలా అని ఈ ఇద్దరి పక్షాలకూ పెద్ద గొడవ నడిచింది. దాని మీద ఆత్మారామ్‌జీ ఏకంగా పుస్తకం రాశారు. ఇద్దరు సంస్కర్తలు ఒక స్తుతి దగ్గర కలవలేకపోయారు.

దయానందుడితో పోలిక ఇక్కడ పనికొస్తుంది. దయానందుడు కాఠియావాడ్‌లో పుట్టిన గుజరాతీ, ఆయన ఉద్యమం నిలదొక్కుకున్నది పంజాబ్‌లో. ఆత్మారామ్‌జీ పంజాబీ, ఆయనకు ఆచార్య పదవి దక్కింది కాఠియావాడ్‌లో. ఇద్దరూ మాతృభాష పక్కనపెట్టి హిందీలో రాశారు. ఇద్దరూ నడుస్తున్న ఆచారాన్ని పాత గ్రంథంతో కొట్టారు. ఒకరు వేదం చేతపట్టి విగ్రహం వదిలేశారు, ఇంకొకరు ఆగమం చేతపట్టి విగ్రహాన్ని తెచ్చుకున్నారు. పద్ధతి ఒకటే, ఫలితాలు తలకిందులు. 1875లో వచ్చిన సత్యార్థ ప్రకాశంలో జైనుల మీద ఘాటైన విమర్శ ఉంది. నాస్తికులైన చార్వాకుల శ్లోకాలను మాకు అంటగట్టారని గుజ్రాన్‌వాలా జైనులు దయానందుడిని ఉత్తరాలతో నిలదీశారు. ఆ వాదానికి జవాబుగా ఆత్మారామ్‌జీ అజ్ఞాన తిమిర భాస్కర్ రాశారు. అందులో ఆయన కూడా మెతకగా ఏం లేరు. యజ్ఞాల్లో హింస గురించి వైదిక గ్రంథాల నుంచే ఉటంకిస్తూ ఎదురుదాడి చేశారు. స్థానకవాసుల మీద రాసిన సమ్యక్త్వ శల్యోద్ధార్ భాష మరీ పరుషం. నిన్నటి అన్నదమ్ములతో తగువు ఎప్పుడూ అంతే.

ఖండన గ్రంథాలు పక్కనపెడితే, నిలిచిపోయిన పుస్తకం జైన తత్త్వాదర్శ్. దేవుడంటే ఎవరు, గురువంటే ఎవరు, ధర్మమంటే ఏమిటి, గృహస్థు ఎలా బతకాలి అన్నవి మామూలు హిందీలో, సంస్కృతం రాని వ్యాపారికి అర్థమయ్యేలా చెప్పారు. సాధువు ఊరికి వచ్చినప్పుడు వినడం తప్ప శాస్త్రంతో సంబంధం లేని శ్రావకుడి చేతికి అచ్చు పుస్తకం వచ్చింది. జ్ఞానాన్ని అచ్చువేయడమే ఆశాతన, అంటే అపచారం అనుకునేవాళ్లు అప్పట్లో తక్కువేమీ కాదు.

కలకత్తాలోని ఏషియాటిక్ సొసైటీకి చెందిన రుడాల్ఫ్ హోర్న్‌లె అనే పండితుడు ఉవాసగదసావో అనే ఆగమాన్ని అచ్చుకు పరిష్కరిస్తూ అనుమానాలు వచ్చినచోటల్లా ప్రశ్నలు రాసి ఒక గుజరాతీ మధ్యవర్తి ద్వారా ఆత్మారామ్‌జీకి పంపేవాడు. పాఠాంతరాలతో సహా జవాబులు వచ్చేవి. ఆ ముద్రణను హోర్న్‌లె ఆయనకే అంకితమిచ్చి, దురాగ్రహమనే చీకటిని చీల్చే సూర్యుడని సంస్కృత శ్లోకాల్లో పొగిడాడు. నోటిగుడ్డ దారం మీద పోట్లాడిన మనిషే పాఠ పరిష్కరణలో యూరప్ పండితుడికి దీటుగా నిలబడ్డారు. ఆయన దృష్టిలో అవి రెండు వేర్వేరు పనులు కావు. రెండింటికీ ఒకటే ప్రశ్న: గ్రంథంలో ఏముంది?

1893 చికాగో సర్వమత సభకు పిలుపు వచ్చినప్పుడు ఆ ప్రశ్నే అడ్డం పడింది. ఓడ ఎక్కడం సాధువుకు కుదరదు. నియమం సడలించుకుంటే ఎవరూ కాదనేవారు కాదేమో, ఆయన సడలించుకోలేదు. తన బదులు బొంబాయి జైన సంఘం కార్యదర్శి వీర్‌చంద్ రాఘవ్‌జీ గాంధీని పంపించారు. మహువాలో 1864లో పుట్టిన ఈ యువకుడు అప్పటికే పాలితానా యాత్రికుల పన్ను వివాదం పరిష్కరించడంలో పేరు తెచ్చుకున్నాడు. పంజాబ్ వచ్చి ఆత్మారామ్‌జీ దగ్గర కొంతకాలం చదువుకుని వెళ్లాడు. సభకు కావలసిన ప్రశ్నలకు ఆయన రాసిచ్చిన జవాబులే చికాగో ప్రశ్నోత్తర్. వివేకానందుడు మాట్లాడిన వేదిక మీదే వీర్‌చంద్ కాఠియావాడీ తలపాగాతో జైనమతం గురించి మాట్లాడాడు. సభ నిర్వాహకులు అచ్చువేసిన సంపుటంలో అక్కడికి వెళ్లని ఆత్మారామ్‌జీ ఫొటో కూడా వేశారు. వీర్‌చంద్ తిరిగొచ్చాక సముద్రం దాటాడని సంఘంలో గోల చేశారు. ఆత్మారామ్‌జీ అతని పక్షాన నిలబడ్డారు. సాధువుకు ఒక నియమం, గృహస్థుకు ఒక నియమం అన్నది ఆయన వాదం. చూడ్డానికి చిన్న విభజనే. దాని వల్లే తన వ్రతం చెడకుండా మతాన్ని సముద్రం దాటించగలిగారు.

చివరి ఏళ్లు పంజాబ్‌లోనే. అమృత్‌సర్, జీరా, హోషియార్‌పూర్, పట్టీ, అంబాలా లాంటి ఊళ్లలో కొత్త మందిరాలు లేచాయి. 1896 మేలో గుజ్రాన్‌వాలాలో కాలం చేశారు. సమాధి మందిరం అక్కడే కట్టారు. దేశ విభజనలో గుజ్రాన్‌వాలా పాకిస్తాన్‌కు పోయింది. ఆ చాతుర్మాస్యానికి అక్కడే ఉన్న ఆయన శిష్యుడు విజయవల్లభ సూరి సాధుసాధ్వులతో, శ్రావక కుటుంబాలతో కలిసి 1947 సెప్టెంబరులో అమృత్‌సర్ చేరుకున్నారు. సమాధి భవనాన్ని తర్వాత పోలీసులు చాలాకాలం వాడుకున్నారు. 2023 మేలో ఆ పరంపరలోని ఆచార్యుడొకరు వాఘా మీదుగా నడిచి వెళ్లి దర్శించుకొచ్చారు.

గుళ్లు చాలు, ఇక చదువుల గుళ్లు కట్టించు అని గురువు చెప్పిన మాటగా వల్లభ సూరి ఎప్పుడూ చెప్పేవారు. 1914లో బొంబాయిలో మొదలైన మహావీర్ జైన్ విద్యాలయం ఆయన ప్రేరణే. గురువు పాండిత్యం మాత్రం ఇంకో కొమ్మలో పాకింది. శిష్యపరంపరలో కాంతివిజయ్, చతురవిజయ్, ఆ తర్వాత పుణ్యవిజయ్ (1895–1971). గుజరాత్‌లోని పాటణ్‌లో చెదపురుగులకు వదిలేసిన తాళపత్ర భండారాలను, అంటే పాత గ్రంథాల కొట్లను, ఒక్కొక్కటే తెరిపించి, దుమ్ము దులిపి, విడిపోయిన ఆకులు జతచేసి, జాబితాలు రాసింది వీళ్లే. కుటుంబాల తాళంచెవుల కింద ఉన్న ఆ భండారాలు 1939లో హేమచంద్రాచార్య జ్ఞానమందిరం కింద ఒకచోటికి చేరాయి. పుణ్యవిజయ్ జైసల్మేర్ కోటకు కూడా నడిచి వెళ్లి, నెలల తరబడి కూర్చుని అక్కడి తాళపత్రాలను సర్దారు, ఫొటోలు తీయించారు. ఇవాళ ప్రాకృత సాహిత్యం మీద ఎక్కడ పరిశోధన జరిగినా ఆ జాబితాలు తిరగేయక తప్పదు.

స్థానకవాసులకు ఆత్మారామ్‌జీ వదిలి వెళ్లిపోయినవాడు, ఆ బాధ అక్కడి రాతల్లో ఇప్పటికీ తగులుతుంది. ఆయన వెళ్లినంత మాత్రాన పంజాబ్‌లో వాళ్ల శాఖ ఎండిపోలేదు. 1952లో చాలా స్థానకవాసి గణాలు కలిసి శ్రమణ సంఘంగా ఏర్పడినప్పుడు మొదటి ఆచార్యుడిగా ఎన్నుకున్నది పంజాబ్ సాధువునే. ఆయన పేరు కూడా ఆత్మారామ్‌జీయే (1882–1962), ఇద్దరినీ ఒకరనుకుని పొరబడేవాళ్లు ఉన్నారు. ఈ రెండో ఆత్మారామ్‌జీ విగ్రహాల వైపు పోలేదు, ముహ్‌పత్తి దారం తీయలేదు. కానీ సంస్కృత ప్రాకృతాల్లో దిట్ట, ఆగమాలకు సంస్కృత ఛాయ, అంటే ప్రాకృతానికి మాటకు మాట సంస్కృత రూపం, హిందీ వ్యాఖ్యానం రాశారు. మొదటాయన కాలంలో అనుమానంగా చూసిన వ్యాకరణం, ఆయన పోయిన అరవై ఏళ్లలోపే ఆ శాఖ ఆచార్యుడికి అర్హత అయింది.